మార్కులు తగ్గేదాకా ఆగొద్దు: బాగా చదివే పిల్లల్లో డిప్రెషన్‌ను గుర్తించడం, సాయం చేయడం

విజయవాడ, గుంటూరుల్లో ఇంటర్ చదివే పిల్లల బాగోగులకు ఇంట్లో పెద్దవాళ్లు చూసేది వీకెండ్ టెస్టు మార్కులు. మార్కులు నిలకడగా ఉంటే అంతా బాగున్నట్టే అనుకుంటారు. చిన్నప్పటి నుంచీ క్లాసులో ఫస్టు వస్తూ, చెప్పింది చెప్పినట్టు ఇట్టే పట్టేసే పిల్లల దగ్గర ఈ లెక్క తప్పుతుంది. మనసు బాగా కుంగిపోయాక కూడా వాళ్లు నెలల తరబడి మార్కులు తెచ్చుకోగలరు. పాత పట్టు, జ్ఞాపకశక్తి, ఓడిపోతామన్న భయం కలిసి అంతదూరం లాక్కొస్తాయి. మార్కులు పడిపోయి ఇంట్లో కంగారు మొదలయ్యే నాటికి జబ్బు ముదిరి ఉంటుంది.

తెలివైన పిల్లలంతా మానసికంగా సున్నితమని ఒక ప్రచారం ఉంది. పరిశోధనలు దాన్ని బలపరచలేదు. మొత్తం మీద చూస్తే వాళ్లలో డిప్రెషన్ తోటి పిల్లల్లో కంటే ఎక్కువేమీ లేదు. కాకపోతే వచ్చినప్పుడు బయటపడే తీరు వేరుగా ఉంటుంది, దాన్ని పెంచే కారణాలూ కొన్ని వేరుగా ఉంటాయి. 13 నుంచి 19 ఏళ్ల పిల్లలున్న తల్లిదండ్రులు, లెక్చరర్లు, హాస్టల్ వార్డెన్లు ఏం చూడాలో, ఏం చేయాలో ఇక్కడ చెబుతున్నాం.

ఏం గమనించాలి

డాక్టర్లు వాడే ప్రమాణం ప్రకారం తొమ్మిది లక్షణాల్లో కనీసం ఐదు, రెండు వారాల పాటు, దాదాపు ప్రతిరోజూ కనిపించాలి. ఆ ఐదింటిలో దిగులు గానీ, దేనిమీదా ఆసక్తి లేకపోవడం గానీ ఒకటి తప్పనిసరిగా ఉండాలి. మిగతావి ఇవి: ఆకలిలో లేదా బరువులో మార్పు, నిద్ర పట్టకపోవడం లేదా అతినిద్ర, కదలికలు మందగించడం లేదా కుదురు లేకపోవడం, నీరసం, నేనెందుకూ పనికిరానన్న భావన, ఏకాగ్రత తగ్గడం, చావు గురించిన ఆలోచనలు. ఈ వయసులో దిగులు చాలాసార్లు చిరాకుగా బయటికొస్తుంది. ‘వీడికి పొగరు పెరిగింది, పలకరిస్తే కసురుకుంటున్నాడు’ అని ఇంట్లో అనుకుంటున్నారంటే, ఆ కసురు ఎన్నాళ్ల నుంచి ఉందో లెక్కపెట్టండి.

బాగా చదివే పిల్లల్లో అందరికంటే ముందు కనిపించే సూచన వేరే ఉంది. అవే మార్కులకు పట్టే సమయం పెరిగిపోతుంది. గంటలో అయ్యే అసైన్‌మెంటుకు మూడు గంటలు పడుతుంది. రికార్డు పుస్తకంలో కప్ప గుండె బొమ్మ గీసి, చెరిపి, మళ్లీ గీసి, మళ్లీ చెరిపి, చివరికి రబ్బరు రుద్దుడికి కాగితం పలచబడి చిరిగేదాకా వస్తుంది. పేజీ చింపేసి మొదటి నుంచి మొదలుపెడతారు. పక్కన కూర్చున్న అమ్మకు అది శ్రద్ధగా కనబడుతుంది. తప్పు చేస్తానన్న భయంతో చేతులు ఆగిపోవడం అది.

మార్కులతో పనిలేని ఇష్టాలు వదిలేయడం రెండో సూచన. క్యారమ్స్ బోర్డు అటక ఎక్కుతుంది, వీణ మీద దుమ్ము పడుతుంది, క్రికెట్ స్కోరు కూడా అడగరు. ‘చదువుమీద ధ్యాస పెరిగింది’ అని ఇంట్లో సంతోషించేది సరిగ్గా ఇక్కడే. మంచి ర్యాంకు వచ్చిన రోజున కూడా ముఖంలో వెలుగు లేకపోవడం మూడోది. 300కి 280 వచ్చినా రాత్రంతా పోయిన 20 మార్కుల గురించే మాట్లాడితే పట్టించుకోవాలి. శనివారం రాత్రికి కడుపునొప్పి, తలనొప్పి వచ్చి ఆదివారం పరీక్ష అయిపోగానే తగ్గిపోతుంటే ఆ నొప్పి నాటకం కాదు. ఆందోళన శరీరంలో నిజంగానే నొప్పి పుట్టిస్తుంది.

ఇంకొకటి జాగ్రత్తగా చూడాలి. తెలివైన పిల్లలు బతుకుకు అర్థం ఏమిటి, దేవుడున్నాడా, ఈ పరుగంతా ఎందుకు అని చిన్న వయసులోనే అడుగుతారు. అది జబ్బు కాదు. కుతూహలంతో అడిగే పిల్లలు వాదిస్తారు, పుస్తకాలు వెతుకుతారు, గొంతు పెరుగుతుంది. డిప్రెషన్‌లో అదే ప్రశ్న చప్పగా, జవాబు అక్కర్లేనట్టుగా వస్తుంది. ‘ఏం చేసినా ఒకటేగా’, ‘నేను లేకపోయినా ఎవరికీ తేడా ఉండదు’ అంటారు. ఈ రెండో రకం మాటను ఎప్పుడూ సరదాగా తీసుకోవద్దు.

అనుమానం వస్తే రెండు వారాలు రాసి పెట్టుకోండి. చిన్న పుస్తకంలో రోజుకు ఐదు గడులు చాలు: పడుకున్న టైము, లేచిన టైము, ఎన్నిపూటలు సరిగా తిన్నారు, చదువు కానిది ఏదైనా చేశారా, చిరాకు లేదా ఏడుపు ఎన్నిసార్లు. మార్కుల గడి పెట్టొద్దు. ‘నీ నిద్ర, తిండి గురించి నాకు దిగులుగా ఉంది, రెండు వారాలు రాసి చూస్తా’ అని పిల్లలకు చెప్పే రాయండి. దొంగచాటుగా రాసి పట్టుబడితే ఆ తర్వాత ఒక్క నిజం కూడా చెప్పరు. హాస్టల్లో ఉంటే ఫోను వచ్చినప్పుడు అడగాల్సినవి కూడా ఇవే. అడిగేది ఇంటి కబుర్లలో కలిపి అడగండి, వరసగా అడిగితే అది కూడా ఒక టెస్టు అయిపోతుంది.

ఎందుకు ఇలా జరుగుతుంది

తెనాలి, నరసరావుపేట, నూజివీడు పక్క ఊళ్లలో పదో తరగతి దాకా స్కూల్ ఫస్టు వచ్చిన అమ్మాయి నిడమానూరులోనో గొల్లపూడిలోనో స్టార్ బ్యాచ్‌లో చేరుతుంది. అక్కడ 60 మందీ స్కూల్ ఫస్టులే. జూన్‌లో మొదటి టెస్టుకు ఆమె ర్యాంకు 41. ఆమె తెలివి ఏమీ తగ్గలేదు, చుట్టూ ఉన్నవాళ్లు మారారంతే. హెర్బర్ట్ మార్ష్ అనే మనోవైజ్ఞానికుడు 1980ల నుంచి ఈ విషయం మీద పరిశోధన చేశారు: ఒకే సామర్థ్యం ఉన్న ఇద్దరిలో, బాగా చదివేవాళ్లతో నిండిన చోట చేరినవారికి తమ తెలివి మీద నమ్మకం ఎక్కువగా తగ్గుతుంది. ఊళ్లో ‘మన కలెక్టరమ్మ’ అని పిలిపించుకున్న పిల్లకు ర్యాంకుతో పాటు తను ఎవరన్నదే చేజారినట్టుంటుంది.

రెండో కారణం ఏ లోటూ ఉండకూడదన్న పట్టు. పనిలో మంచి స్థాయి కోరుకోవడంలో తప్పు లేదు. ‘వందకు వంద రాకపోతే మావాళ్లు నన్ను మునుపటిలా చూడరు’ అనుకోవడం మాత్రం ప్రమాదం. ఇతరులు తననుంచి లోటులేని పనితనాన్ని ఆశిస్తున్నారన్న ఈ నమ్మకానికి, డిప్రెషన్‌కు సంబంధం ఉందని చాలా అధ్యయనాల్లో తేలింది. తెలివైన పిల్లలు ఫీజు ఎంతో రూపాయలతో సహా గుర్తుపెట్టుకుంటారు. ఏ ఏడాది మిర్చి డబ్బు దేనికి పోయిందో, ఎన్ని సెంట్లు అమ్మారో వాళ్లకు తెలుసు. మీరు ఎత్తిచూపకపోయినా లెక్క వేస్తూనే ఉంటారు. ‘ఫీజు కట్టాలనుకున్నది మేం. అది నీమీద అప్పు కాదు’ అని ఒకసారి నోరు తెరిచి చెప్పండి. తండ్రి చెబితే మరీ మంచిది. అమ్మ తిండి గురించి, నాన్న ఫీజు గురించి మాత్రమే మాట్లాడే ఇళ్లలో పిల్లలు నాన్నకు తామొక ఖర్చుగా మాత్రమే కనిపిస్తున్నామనుకుంటారు.

మూడోది తరచూ తప్పిపోయే కారణం. ఏడీహెచ్‌డీ (ధ్యాస, కుదురు నిలవకపోవడం) లాంటి ఇబ్బంది ఉన్నా కొందరు పిల్లలు తెలివితో పదో తరగతి దాకా కప్పిపుచ్చుకుంటూ వస్తారు. ఇంటర్లో సిలబస్ ఒక్కసారిగా పెరిగాక ఆ కప్పు నిలవదు. ‘తెలివుంది గానీ బద్ధకం’ అన్న పేరు పడుతుంది. అప్పటిదాకా బాగా చదివి ఒక్కసారిగా చెదిరిపోయిన పిల్లలకు ఈ పరీక్ష కూడా చేయమని డాక్టర్‌ను అడగాలి.

ఇక నిద్ర. 13 నుంచి 18 ఏళ్ల వాళ్లకు రోజుకు 8 నుంచి 10 గంటల నిద్ర కావాలి. రాత్రి 11 దాకా స్టడీ అవర్స్, తెల్లారి 5కు బెల్లు అంటే మిగిలేది ఆరు గంటలు, అదీ పడుకోగానే పడితే.

మాట ఎలా కలపాలి

టీవీ ఆపి, తలుపేసి, ఎదురుగా కూర్చోబెట్టి మొదలుపెడితే అది విచారణ అయిపోతుంది. కళ్లలోకి చూడక్కర్లేని చోట మాట తేలిగ్గా వస్తుంది: బండి మీద ప్రకాశం బ్యారేజీ దాటుతున్నప్పుడు, సాయంత్రం కృష్ణ ఒడ్డున నడుస్తున్నప్పుడు, వంటింట్లో ఇద్దరూ కలిసి చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్నప్పుడు. టెస్టు రోజు, ర్యాంకు మెసేజ్ వచ్చిన గంటలో, రాత్రి పది దాటాక మాత్రం వద్దు.

మీరు చూసింది చెప్పి, ఒక్క ప్రశ్న అడగండి. ‘నాన్నా, రెండు వారాలుగా రాత్రి రెండింటికి గానీ పడుకోవట్లేదు. క్యారమ్స్ కూడా తియ్యట్లేదు. చదువు సంగతి పక్కన పెట్టు. నీకు లోపల ఎలా ఉంది?’ ఆ తర్వాత నోరు మూసుకుని ఉండండి. అర నిమిషం మౌనం చాలా పొడుగ్గా అనిపిస్తుంది, మధ్యలో మీరే జవాబు అందించాలనిపిస్తుంది. అందించొద్దు. ‘ఏం లేదు, బానే ఉన్నా’ అంటే ‘సరే, చెప్పాలనిపించినప్పుడు చెప్పు, మళ్లీ అడుగుతా’ అనండి. రెండు రోజులాగి నిజంగానే మళ్లీ అడగండి.

మాట చెడిపోయేది చాలావరకు ఈ నాలుగు వాక్యాల దగ్గరే: ‘నీకేం తక్కువ చేశాం?’, ‘మా రోజుల్లో లాంతరు కింద చదివాం’, ‘మీ పెదనాన్న కూతుర్ని చూడు’, ‘టాపర్‌వి, నీకు డిప్రెషనేంట్రా’. మొదటిది అపరాధ భావం పెంచుతుంది. రెండోది, మూడోది పోలికలు, పిల్లలు ఆ పనిని రోజంతా సొంతంగానే చేసుకుంటున్నారు. నాలుగోది అన్నిటికంటే ఎక్కువ నష్టం చేస్తుంది: ఇక ఎవరికీ చెప్పుకోకూడదని ఆ క్షణంలో నిర్ణయం అయిపోతుంది.

ఈ పిల్లలతో వచ్చే ప్రత్యేకమైన చిక్కు వాదన. తమ బతుకు వృథా అని అంచెలంచెలుగా, కారణాలతో సహా నిరూపిస్తారు. మీరు ఒక్కో కారణం ఖండించబోతే గెలిచేది వాళ్లే, గెలిచాక ఆ నిరాశ ఇంకా గట్టిపడుతుంది. కాబట్టి వాదనలోకి దిగకండి. ‘నువ్వు చెప్పింది విన్నాను. అది నిజమో కాదో ఇవాళ తేల్చక్కర్లేదు. అలా అనిపించినప్పుడు ఎలా గడుస్తోందో చెప్పు’ అనండి. ‘ఎవరికీ చెప్పనని ఒట్టెయ్యి’ అని అడిగితే ఒట్టు వేయొద్దు. ‘నీ ప్రాణానికి సంబంధించింది అయితే సాయం చేసేవాళ్లకు చెబుతా. మిగతాది మనిద్దరి మధ్యే ఉంటుంది’ అని ముందే చెప్పండి.

అడగాల్సిన ప్రశ్న

‘చచ్చిపోవాలని ఎప్పుడైనా అనిపించిందా?’ ఈ ప్రశ్న సూటిగా, ఇదే మాటల్లో అడగాలి. అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమో అన్న భయం వద్దు. అడగడం వల్ల ఆ ఆలోచన పెరగదని పరిశోధనల్లో తేలింది, చాలామందికి ఒకరు అడిగారన్న ఊరట కలుగుతుంది. డొంకతిరుగుడుగా ‘పిచ్చి ఆలోచనలేం లేవుగా?’ అంటే లేవనే జవాబే వస్తుంది.

అవునంటే కేకలు, ఏడుపులు, ఒట్లు వద్దు. ‘చెప్పావు, మంచి పని చేశావు’ అని, ఎంత తరచుగా వస్తోంది, ఎలా చేయాలో ఆలోచించావా, ఇవాళ కూడా ఉందా అని నెమ్మదిగా అడగండి. ఎలా చేయాలో ఆలోచించి ఉంటే గానీ, ఇవాళే అనిపిస్తోందంటే గానీ అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లాలి. అప్పటిదాకా ఒంటరిగా వదలొద్దు, రాత్రి అదే గదిలో ఒకరు పడుకోవాలి. ఇంట్లో ఉన్న మాత్రలన్నీ, తాతయ్య బీపీ మాత్రలతో సహా, తాళం వేసి తాళంచెవి పెద్దవాళ్ల దగ్గర ఉంచుకోవాలి. వ్యవసాయం ఉన్న ఇళ్లలో పురుగుమందు ఇంట్లోగానీ వరండాలోగానీ ఉంచొద్దు, వేరే చోటికి మార్చి తాళం వేయండి. ఆ తలపు చాలాసార్లు కొద్దిసేపట్లోనే ఉధృతంగా వచ్చి తగ్గుతుంది. ఆ కాసేపు చేతికి ఏదీ అందకపోవడం ప్రాణం కాపాడుతుంది.

టెలీ మానస్ నంబరు 14416. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన ఉచిత మానసిక ఆరోగ్య ఫోన్ సేవ ఇది, 24 గంటలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు. పిల్లలే చేయొచ్చు, వాళ్లకోసం మీరూ చేయొచ్చు. ఏదైనా జరిగిపోతే 108కి చేయండి. పోలీసు కేసవుతుందన్న భయంతో ఆసుపత్రికి వెళ్లడం ఆలస్యం చేయొద్దు. ఆత్మహత్యకు ప్రయత్నించినవారు తీవ్ర ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలని, శిక్షించకూడదని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలోని 115వ సెక్షన్ చెబుతోంది.

డాక్టర్ దగ్గరికి

ముందు ఫ్యామిలీ డాక్టర్ దగ్గర హిమోగ్లోబిన్, థైరాయిడ్, బి12 పరీక్షలు చేయించండి. రక్తహీనత (ఆడపిల్లల్లో హిమోగ్లోబిన్ 12 కంటే తక్కువ), థైరాయిడ్ లోపం అచ్చం డిప్రెషన్‌లాగే నీరసం, మందకొడితనం తెస్తాయి. రెండూ కలిసి ఉండటం కూడా మామూలే. అందుకని హిమోగ్లోబిన్ తక్కువుందని తెలిసి ఐరన్ మాత్రలతో ఆగిపోవద్దు.

మానసిక వైద్యానికి విజయవాడ, గుంటూరు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రుల్లో, మంగళగిరి ఎయిమ్స్‌లో సైకియాట్రీ విభాగాలున్నాయి. ప్రైవేటుగా అయితే విజయవాడలో సూర్యారావుపేట, గుంటూరులో కొత్తపేట వైపు చూసుకోవచ్చు. మందులు రాసేది సైకియాట్రిస్టు. మాటలతో చికిత్స చేసే క్లినికల్ సైకాలజిస్టుకు రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ ఉండాలి, నంబరు అడిగితే తప్పేమీ కాదు. మోటివేషన్ క్లాసు ఈ రెంటికీ బదులు కాదు. ‘నువ్వు తలుచుకుంటే ఏదైనా సాధిస్తావు’ అన్న మాట, లేవడానికే ఓపిక లేని పిల్లకు ‘తలుచుకోకపోవడం నీ తప్పే’ అని వినబడుతుంది. దిష్టి తీయండి, ఇంద్రకీలాద్రి ఎక్కి దుర్గమ్మకు మొక్కుకోండి. అపాయింట్‌మెంటు రోజు మాత్రం వాయిదా పడకూడదు.

చాలాచోట్ల మొదట పీహెచ్‌క్యూ-9 అనే తొమ్మిది ప్రశ్నల కాగితం నింపిస్తారు. మొత్తం 27 పాయింట్లు. పది గానీ, అంతకంటే ఎక్కువ గానీ వస్తే పూర్తి పరీక్ష అవసరం. తొమ్మిదో ప్రశ్న చావు ఆలోచనల గురించి. మొత్తం ఎంతైనా సరే, దానికి సున్నా రాకపోతే ఆ రోజే డాక్టర్‌తో మాట్లాడాలి. తెలివైన పిల్లలు ఏ జవాబుకు ఎన్ని పాయింట్లో కనిపెట్టి, కావాలనే తక్కువ వచ్చేలా నింపగలరు. మీ రెండు వారాల పుస్తకం డాక్టర్‌కు ఇవ్వాల్సింది అందుకే. డాక్టర్ పిల్లలతో విడిగా మాట్లాడతానంటే బయటికి వచ్చేయండి, ఇంటికెళ్లాక ‘ఏం చెప్పావు’ అని అడగొద్దు.

తీవ్రత తక్కువగా ఉంటే మాటల చికిత్సతో మొదలుపెడతారు. ఆలోచనలు, అలవాట్లు మార్చుకోవడం నేర్పే సీబీటీ అనే పద్ధతిలో వారానికొకటి చొప్పున సుమారు 12 నుంచి 16 సెషన్లు ఉంటాయి. మధ్యస్థం లేదా తీవ్రమైతే మందు కూడా అవసరం కావచ్చు. ఈ వయసుకు సాధారణంగా మొదట ఎంచుకునేది ఫ్లూయాక్సెటిన్. పూర్తి ప్రభావం తెలియడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది, వికారం, తలనొప్పి లాంటి ఇబ్బందులు మాత్రం మొదటి వారంలోనే వస్తాయి. ‘పది రోజులైంది, గుణం లేదు, కడుపులో తిప్పుతోంది’ అని మానేసేది ఇక్కడే. ఇంకో ముఖ్యమైన జాగ్రత్త: 25 ఏళ్లలోపు వారిలో కొద్దిమందికి మందు మొదలుపెట్టిన తొలి వారాల్లో అసహనం, చావు ఆలోచనలు పెరగొచ్చు. అందుకే మొదటి నెల వారం వారం డాక్టర్‌కు చూపించాలి, మాత్రల అట్ట మీ దగ్గరే ఉంచుకోవాలి. ఉన్నట్టుండి నిద్రే అవసరం లేనంత హుషారు, వసపిట్టలా వాగుడు, పెద్ద పెద్ద ప్రణాళికలు కనిపిస్తే వెంటనే చెప్పాలి, అది బైపోలార్ (అతి హుషారు, దిగులు మారిమారి వచ్చే జబ్బు) లక్షణం కావచ్చు. దగ్గరి బంధువుల్లో ఎవరికైనా అది ఉంటే మొదటి రోజే చెప్పండి, పరువు కోసం దాచొద్దు.

ఈ మందులు నిద్రమాత్రలు కావు, వ్యసనంగా మారవు. అయితే ఒక్కసారిగా ఆపకూడదు. తగ్గాక కూడా సాధారణంగా ఆరు నెలల నుంచి ఏడాది వాడి, డాక్టర్ చెప్పినట్టు మెల్లగా తగ్గించాలి. పరీక్షల నెలలో ఆపే ప్రయోగం అసలే వద్దు.

కాలేజీతో ఏం అడగాలి

ప్రిన్సిపాల్‌ను కలిసేటప్పుడు ‘కొంచెం చూసుకోండి సార్’ అంటే ఏమీ జరగదు. కాగితం మీద నాలుగు కోరికలు రాసి, డాక్టర్ ఉత్తరం జతచేసి ఇవ్వండి: నాలుగు వారాలు వీకెండ్ టెస్టుల నుంచి మినహాయింపు, ర్యాంకు బయటికి ప్రకటించకపోవడం, అపాయింట్‌మెంట్లకు సెలవు, రోజూ ఒకసారి పలకరించడానికి పేరుతో సహా ఒక లెక్చరర్. డాక్టర్ ఉత్తరంలో జబ్బు పేరు ఉండనక్కర్లేదు, వైద్య కారణాలు అని ఉంటే చాలు.

కాలేజీ తటపటాయిస్తే గుర్తుచేయడానికి ఆధారాలున్నాయి. విశాఖపట్నంలో కోచింగ్ తీసుకుంటున్న ఒక విద్యార్థిని మరణం కేసులో సుప్రీంకోర్టు 2025 జూలై 25న మార్గదర్శకాలు ఇచ్చింది. వందమంది, అంతకంటే ఎక్కువ విద్యార్థులున్న సంస్థల్లో శిక్షణ పొందిన కౌన్సెలర్‌గానీ సైకాలజిస్టుగానీ ఉండాలని, మార్కులను బట్టి బ్యాచ్‌లు విడదీయడం, అందరి ముందూ అవమానించడం మానాలని అందులో ఉంది. కోచింగ్ సెంటర్లకు కేంద్ర విద్యాశాఖ 2024 జనవరిలో ఇచ్చిన మార్గదర్శకాల్లో రోజుకు ఐదు గంటలకు మించి క్లాసులు వద్దని, వారాంతపు సెలవు మర్నాడు టెస్టు పెట్టొద్దని ఉంది.

బ్యాచ్ మార్చడం మంచి మందు కావొచ్చు, గాయమూ కావొచ్చు. పిల్లలు తామే కోరుకుంటే మార్చండి, వాళ్లకు చెప్పకుండా కింది బ్యాచ్‌కు పంపితే శిక్షగానే మిగులుతుంది. హాస్టల్ నుంచి డే స్కాలర్‌గా మార్చడం చాలామందికి పనిచేస్తుంది. చదువు పూర్తిగా మాన్పించి నెల్లాళ్లు ఇంట్లో ఖాళీగా కూర్చోబెట్టడం మాత్రం, డాక్టర్ చెబితే తప్ప, మంచిది కాదని మా అభిప్రాయం. ఖాళీ గదిలో చెడు ఆలోచన రోజంతా తిరుగుతుంది. రోజుకు రెండు క్లాసులైనా మిగలనివ్వండి.

హాస్టల్లో ఉన్న పిల్లల దగ్గరికి ఆదివారం వెళ్తారు. అమ్మ క్యారేజీలో పులిహోర, గోంగూర పచ్చడి సర్దుకొస్తుంది. గేటు పక్క చెట్టు కింద మూత తీసేలోపే నాన్న ‘ఫిజిక్స్ ఎంతొచ్చింది?’ అంటాడు. ఆ ముద్ద ఇక దిగదు. ఔటింగ్‌లో మొదటి గంట చదువు మాటే ఎత్తకూడదని ఇంటి దగ్గరే అనుకుని బయల్దేరండి.

ఇంట్లో రోజూ చేసేవి

నిద్రతో మొదలుపెట్టండి. పడుకునే టైము కంటే లేచే టైము స్థిరంగా ఉంచడం తేలిక, ఆదివారం కూడా గంటకు మించి తేడా రానివ్వొద్దు. ఎండ ముదరకముందే, అంటే ఏడులోపు, అరగంట నడక. ఫోను రాత్రి హాల్లో చార్జింగుకు పెట్టాలి, ఇంట్లో అందరిదీ.

డిప్రెషన్‌లో ‘బాగనిపించాక చేస్తా’ అని ఎదురుచూస్తే ఆ రోజు రాదు. ముందు చేయాలి, ఆ తర్వాతే కొంచెం బాగనిపిస్తుంది. రోజుకు రెండే రెండు చిన్న పనులు టైముతో సహా రాయించండి. ఒకటి ఇష్టమైనది, ఒకటి పూర్తిచేశానన్న తృప్తినిచ్చేది: సాయంత్రం ఆరింటికి పది నిమిషాలు వీణ, ఏడింటికి చెట్లకు నీళ్లు. పనికి ముందు, తర్వాత మనసు ఎలా ఉందో సున్నా నుంచి పది దాకా అంకె వేయించండి. టాపర్ పిల్లలు ఇక్కడ కూడా 14 పనుల టైంటేబుల్ గీసి, మూడోరోజు ఒకటి తప్పగానే మొత్తం చింపేస్తారు. కాబట్టి రెండు దాటనివ్వొద్దు.

తప్పు చేస్తానన్న భయానికి పనిచేసేది చిన్న ప్రయోగం. నష్టం లేని పని ఒకటి ఎంచుకోవాలి. రికార్డు బొమ్మ రబ్బరు వాడకుండా గీసి ఇచ్చేయాలి. ఇచ్చేముందు ఏం జరుగుతుందనుకుంటున్నారో రాయించండి: ‘మేడం తిడతారు, 90 శాతం ఖాయం’. ఇచ్చాక ఏం జరిగిందో దాని పక్కనే రాయాలి. నాలుగైదు ప్రయోగాలయ్యాక రెండు వరుసల మధ్య తేడా పిల్లలే చూస్తారు, మీరు చెప్పక్కర్లేదు. పబ్లిక్ పరీక్షకు ముందు వారంలో దీన్ని మొదలుపెట్టొద్దు.

పొగడ్త కూడా మార్చుకోవాలి. 1998లో క్లాడియా ముల్లర్, కెరోల్ డ్వెక్ అనే మనోవైజ్ఞానికులు ఐదో తరగతి పిల్లలతో చేసిన ప్రయోగాల్లో, ‘తెలివైనవాడివి’ అనిపించుకున్న పిల్లలు ఆ తర్వాత కష్టమైన పజిళ్లకు వెనకాడారు, తప్పాక త్వరగా వదిలేశారు. ‘బాగా కష్టపడ్డావు’ అనిపించుకున్నవాళ్లు నిలబడ్డారు. ‘జీనియస్‌వి రా’ బదులు ‘మొదటి పద్ధతి కుదరకపోతే రెండో దారి పట్టావే, అది బాగుంది’ అనండి. ర్యాంకు లేని ఇష్టం ఒకటి ప్రతి పిల్లకూ ఉండాలి. జనవరిలో విజయవాడ పుస్తక మహోత్సవానికి తీసుకెళ్లి సిలబస్‌తో పనిలేని పుస్తకం ఒకటి తననే ఎంచుకోనివ్వండి. చదివాక ప్రశ్నలడగొద్దు, పోటీలకు పంపొద్దు.

ఫలితాల రోజు, ఆ తర్వాత

ఫలితాలు వచ్చే ముందు రోజే ప్లాన్ వేసుకోవాలి: ఎవరి పక్కన కూర్చుని చూస్తారు, ఫ్యామిలీ గ్రూపులో ఎవరు చెబుతారు, అనుకున్నది రాకపోతే ముందున్న దారులేమిటి. రీకౌంటింగ్, సప్లిమెంటరీ, వేరే కౌన్సెలింగ్, ఇంకో ఏడాది, అన్నీ ఒక కాగితం మీద ముందే రాసి ఉండాలి. మార్కులు ఎలా ఉన్నా మొదటి రెండు రోజులు ఒంటరిగా వదలకండి. ఫస్టు ర్యాంకు వచ్చినా సరే, ఇన్నాళ్ల లక్ష్యం తీరిపోయాక వచ్చే శూన్యం కూడా గట్టిదే. బంధువులకు ఫోనులో ముందే చెప్పండి: ‘బాబాయ్, వాణ్ణి మార్కుల గురించి అడక్కు. ఇంటికి రా, క్యారమ్స్ ఆడు.’ పెళ్లిళ్లలో అడిగేవాళ్లకు జవాబు పిల్లల చేత చెప్పించకుండా పక్కనుండి మీరే చెప్పండి.

ఒకసారి వచ్చిన డిప్రెషన్ మళ్లీ రావొచ్చు. ఎక్కువగా వచ్చేది చోటు మారినప్పుడు: ఐఐటీలోనో మెడికల్ కాలేజీలోనో మొదటి సెమిస్టరు, మళ్లీ అందరూ ఫస్టులే ఉన్న క్లాసు. బయల్దేరే పెట్టెలో ప్రిస్క్రిప్షన్లు, డాక్టర్ రాసిచ్చిన చికిత్స వివరాలు, నెలకు సరిపడా మందులు పెట్టండి. కొత్త ఊళ్లో డాక్టర్ అపాయింట్‌మెంటు చేరిన రెండు వారాల్లోపు ఉండేలా ఇక్కడి నుంచే తీసుకోండి. క్యాంపస్ కౌన్సెలింగ్ సెంటర్ ఎక్కడుందో హాస్టల్ గది తాళం తీసుకున్న రోజే వెళ్లి చూసి రండి, ఇద్దరూ కలిసి.